తెల్లగుడ్డ ముందే లేచిన రోజు

బ్యలోలా మధ్యాహ్నం తిండి నిలబడే తినేది. చేతిలో కర్రపెండలం ముద్ద, మెడలో ఈల, చెవులు నది వైపు. కిబంద ఊళ్లో విమానం దిగేది మట్టిరోడ్డు మీదే. ఆ రోడ్డు మీది మనుషుల్నీ, మేకల్నీ, ఎండబెట్టిన కర్రపెండలం ముక్కల్నీ తప్పించి, దారి ఖాళీ అయ్యాక తెల్లగుడ్డ ఎత్తడం ఆమె పని. ఆ గుడ్డ చూసి పైలట్ దిగుతాడు.

యుద్ధంలో వంతెనలన్నీ పోయాయి. ఉప్పు, సబ్బు, సిమెంటు, బీరు అన్నీ బుకావు పట్నం నుంచి సరుకుల విమానంలోనే రావాలి. అందులో సీట్లుండవు. వ్యాపారులు తమ బస్తాల మీదే కూర్చుని వస్తారు.

యుద్ధకాలంలో విమానం చప్పుడు వింటే అడవిలోకి పరిగెత్తిన జనమే, శాంతి వచ్చాక ముక్కలు ఎండబెట్టిన చాప చుట్టడానికి కూడా తొందరపడటం మానేశారు. విమానం ముందు ఊరి మీద ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు లేస్తారు. అది నది దాకా పోయి మళ్లీ వచ్చేసరికి రోడ్డు ఖాళీ అవుతుంది. ఇది ఎంత అలవాటైందంటే, బ్యలోలా కూడా మొదటి చుట్టులోనే గుడ్డ ఎత్తేసేది. ఏమీ జరగలేదు కనుక ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ మంగళవారం నది మీద మబ్బు కమ్మింది. పైలట్ అంతదూరం పోకుండా దగ్గర్లోనే మళ్లి నేరుగా దిగసాగాడు. రోడ్డు మీద ఆడవాళ్లు ఇంకా ముక్కలు పోగుచేస్తున్నారు. బ్యలోలా అప్పటికే ఎత్తిన గుడ్డ దించింది, ఈల ఊదింది. పైలట్ జనాన్ని చూసి విమానాన్ని పైకి లేపాడు. నిండా సిమెంటు. అది చెట్ల తలలు దాటలేకపోయింది. పైలట్లిద్దరూ, బస్తాల మీద కూర్చున్న ఐదుగురూ పోయారు. ఆ ఐదుగురిలో ఒకడు బ్యలోలా తమ్ముడు, కిటోగా.

చావింట్లో ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. బ్యలోలా కూర్చోలేకపోయింది. నీళ్లు తెచ్చింది, తెచ్చిన నీళ్లు ఇంకో కుండలో పోసింది, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది.

"కాసేపు కూర్చో వదినా, నువ్విలా తిరుగుతుంటే నీ కోడి తప్పిపోయిందనుకుంటారు" అంది తమ్ముడి భార్య న్సిమిరె. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు గుడ్డ ఎత్తేటప్పటికి రోడ్డు ఖాళీగా ఉందా?"

"పిల్లలకేమైనా వండావా?"

"నేనడిగింది అది కాదు."

బ్యలోలా చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

విచారణకు బుకావు నుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. రోడ్డు అజమాయిషీ చూసే ముటుండా ఆమెను పక్కకు పిలిచి, అంతా ఖాళీ అయ్యాకే గుడ్డ ఎత్తానని చెప్పమన్నాడు.

"విమానం ముసలిది, బరువెక్కువ, పైన మబ్బు. ఈ మూడు కారణాలు చాలవా ఆయనకి? నాలుగోది నువ్వెందుకమ్మా ఇవ్వడం? రోడ్డు మూసేస్తే ఊరంతా చప్పిడి కూడు తినాలి. ప్రతి ముద్దకీ నిన్నే తలుచుకుంటారు."

ఆమె సరేనని తలూపింది. ఆ రాత్రంతా ఇంటికీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉంది.

అధికారి చిన్న విమానంలో వచ్చాడు. విమానం ఒక చుట్టు తిరిగింది. బ్యలోలా గుడ్డ ఎత్తలేదు. రెండో చుట్టుకి రోడ్డు మీద మిగిలింది ఒక మేకా, దాని వెనక ఒక ముసలమ్మా. ఎత్తమ్మా, ఎత్తు అని ముటుండా పక్కనే గొణుగుతున్నాడు. ముసలమ్మ మేకతో సహా గట్టు దిగేదాకా ఆగి, మూడో చుట్టుకి గుడ్డ ఎత్తింది.

అధికారి దిగుతూనే చిరాకుపడ్డాడు. "ఎప్పుడూ ఇన్నిసార్లు తిప్పుతావా?"

"ఎప్పుడూ ఇంతేనయ్యా. మహా జాగ్రత్త మనిషి" అన్నాడు ముటుండా.

చుట్టూ ఊరంతా ఉంది. ముందు వరసలో న్సిమిరె ఉంది.

"లేదయ్యా, ఇవాళే" అంది బ్యలోలా. "రోజూ మొదటి చుట్టుకే ఎత్తేదాన్ని. ఆ రోజూ అంతే. జనం రోడ్డు మీదే ఉన్నారు."

ఇంకా ఏమైనా చెప్పేదుందా అని అధికారి అడిగాడు. పెండలం ఎండబెట్టిన వాళ్ల పేర్లు మాత్రం ఆమె చెప్పలేదు.

జనం విడిపోయాక న్సిమిరె దగ్గరికొచ్చింది. "ఆయనకి చెప్పావు. ఇంట్లో నేనడిగితే వంట సంగతి ఎత్తావు" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

రెండువైపులా కంచె వేసేదాకా విమానాలు దిగకూడదని అధికారి రాసి వెళ్లాడు. కంచెకి కావలసిన తీగ కూడా విమానంలోనే రావాలి. ఉప్పు ఇక అడవిదారిన మనుషుల వీపుల మీద రావలసిందే. మొదటి జట్టు బయల్దేరేటప్పుడు బ్యలోలా కూడా వీపు మీది బరువు ఆపే పట్టీ నుదుటికి కట్టుకుని వరస చివర నిలబడింది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె మోసుకొచ్చిన మొదటి ఉప్పు బస్తా ముప్పై కిలోలు.