మరిది నింపిన డబ్బా

పత్తి ఏరుతూ నేను సాలు చివరిదాకా పోయి తిరిగొచ్చాను. ఒంటికని పోయిన మా ఆయన ఇంకా గట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏమైందయ్యా?"

"ఏం కాలేదే. వయసు మీద వడ్డది."

పల్లేరుకాయ కషాయం కాచి పోశాను. రెండు నెలలైనా తగ్గలేదు. జనగామ డాక్టర్ రక్తం తీయించి, ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే పీఎస్ఏ ఎక్కువుందని హైదరాబాద్ పంపాడు. తోడుగా మరిది సమ్మయ్య వచ్చాడు.

అక్కడి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ప్రోస్టేట్ క్యాన్సరేమోనని అనుమానం. ముందు యూరిన్ టెస్ట్ చేద్దాం. రిస్క్ ఎక్కువని వస్తే వెంటనే ఎమ్మారై తీయాలి."

డబ్బా తీసుకుని అన్నదమ్ములిద్దరూ పోయారు, చాలాసేపటికి వచ్చారు. రిపోర్టులో రిస్క్ తక్కువని వచ్చింది. ఆరు నెలలకు రమ్మన్నారు. ఇంటికొచ్చి కోడిని కోశాం.

తింటూ తింటూ సమ్మయ్య నవ్వాడు. "దావత్ నాకియ్యాలె వదినె. పాసయ్యింది నేనే గద!"

నువ్వు పాసవడమేంటని అడిగాను. మా ఆయన తల వంచుకున్నాడు.

"ఎంతసేపు నిలబడ్డా రాకపాయె. ఎనక లైన్ల మంది ఉన్నరు. ఇజ్జత్ పోతదని తమ్మునికిచ్చిన. ఒక్క తల్లి బిడ్డలం, ఒక్కటే రక్తమాయె. ఉచ్చ వేరైతదా?"

"బిమారి నీకు, పరీక్ష ఆయనకా!"

పొద్దున్నే ఆయన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాను. డాక్టరమ్మ తిడుతుందని దారంతా గొణిగాడు. జరిగిందంతా చెప్పినా ఆమె తిట్టలేదు. కొత్త డబ్బా ఇచ్చి, "నీళ్లు తాగి కూర్చోండి, తొందరేం లేదు" అన్నది. ఈసారి రిస్క్ ఎక్కువని వచ్చింది. ఎమ్మారై గదిలో ఆయన, బయట ఆయన చెప్పులు ఒళ్లో పెట్టుకుని నేను.

చిన్న మచ్చ కనబడింది. చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీలో క్యాన్సరే అని తేలింది. "బయటికి పాకలేదమ్మా, తొందరగానే పట్టుకున్నాం" అన్నది డాక్టరమ్మ. ఆరు నెలలకు వచ్చి ఉంటేనో?

ఆపరేషన్ అయింది. మూత్రానికి పెట్టిన కేథెటర్ గొట్టం తీశాక మూత్రం ఆగేది కాదు. పెళ్లిళ్లకు కూడా పోకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. ఇప్పుడు ఆగుతోంది, చేనుకు పోతున్నాడు. పీఎస్ఏ పరీక్ష మాత్రం తప్పకుండా చేయిస్తున్నాం.

నేను చెప్పేది ఒక్కటే. డబ్బా నింపలేకపోతే రావట్లేదని చెప్పండి, సిగ్గుపడి వేరేవాళ్లది ఇవ్వకండి.

డాక్టరమ్మ సమ్మయ్యనూ వదల్లేదు. "ఒక్క రక్తమన్నారు కదా, అందుకే మీరూ చూపించుకోవాలి" అన్నది. మొన్న సమ్మయ్య పరీక్షకు మా ఆయనే తోడు పోయాడు. బాత్రూం తలుపు దాకానే పోయాడట.