చిట్టి మూతికి చిక్కం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. అప్పటికే నేను చోడవరం చుట్టుపక్కల పశుసఖిగా తిరుగుతున్నాను. అంటే డాక్టరును కాదు. పశువుకు నలత చేస్తే ముందు వెళ్లి చూసి, డాక్టరుకు కబురు చేసే మనిషిని. చదువు అయిదో తరగతితో ఆగింది గానీ, ఒకసారి చూసిన పశువును మరచిపోను.

మా అప్పలనర్సమ్మ వదినకు చిట్టి అని పుంగనూరు ఆవు ఉంది. నా నడుము దాకా కూడా రాదు. ఈ పొట్టి జాతి ఆవు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇదొక్కటే. అదే జాతి ఆబోతు స్ట్రా కోసం, అంటే గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం కోసం, నేను తిరగని చోటు లేదు. చివరికి దొరికింది, చూలు నిలిచింది.

ఆ వేసవిలోనే ఒక రోజు మా ఊరి సత్యారావు గారి కొత్తింటి గృహప్రవేశం. పొట్టి ఆవైతే గుమ్మం దాటించడం తేలికని చిట్టిని అడిగి తీసుకెళ్లారు. మధ్యాహ్నం దాటాక వదిన ఫోను.

"ఒలమ్మో, బేగి రాయే! సిట్టి తూలిపోతంది. పళ్లు కొరుకుతంది."

పరుగున ఆ ఇంటికి వెళ్లాను. చెవులు చల్లగా ఉన్నాయి. పశువు పెద్దపొట్టను రూమెన్ అంటారు. ఎడమ డొక్కలో పిడికిలి ఆనిస్తే అది లోపలినుంచి అలలా నెట్టాలి. ఆనించాను. కదలిక లేదు.

"దీనికేటి పెట్టేరు బాబూ?"

"ఏటీ లేదమ్మా," అన్నారు సత్యారావు గారు. "వచ్చినోళ్లు తలో దోసెడు బియ్యం, బెల్లం పెట్టేరు. అరటిపళ్లు. పుణ్యమే కదా!"

"ఎంతమంది వచ్చేరు?"

ఆయన షామియానా కింద వరసలు కట్టిన కుర్చీలకేసి చెయ్యి చూపించారు.

"మీ పుణ్యమంతా నా గొడ్డు కడుపులోనే దాసేరా!" అంది వదిన. అని, దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

డాక్టరుకు ఫోను చేస్తే బయల్దేరానన్నారు. వచ్చి చూసి, "అసిడోసిస్. అంత బియ్యం, బెల్లం తిని పొట్ట పులిసిపోయింది," అన్నారు. వంటసోడా కలిపిన నీళ్లు పట్టించారు, సెలైన్ ఎక్కించారు. "రూమెన్ కదిలితే ఆవు దక్కుతుంది. కడుపులో దూడ సంగతి ఇప్పుడే చెప్పలేను."

నేను పిడికిలి తీయలేదు. చెయ్యి తీస్తే చిట్టి పోతుందేమోనని భయం. ఇటుపక్క పొట్ట, అటుపక్క దూడ, మధ్యలో నా చెయ్యి. పందిట్లో వంటవాళ్లు గిన్నెలు కడిగే చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాను.

పొద్దు వాలుతుండగా లోపలినుంచి ఏదో మెల్లగా తోసింది.

"వదినా, ఉండు... నెట్టింది!"

"నిజంగానా? నీ సెయ్యే వణికిందేమో సూడే!"

మళ్లీ తోసింది. అప్పుడు గానీ చెయ్యి తీయలేదు.

చిట్టి బతికింది. వర్షాలకు పెయ్యదూడను ఈనింది. ఇప్పటికీ గృహప్రవేశాలకు వెళ్తుంది గానీ, నాగలికి కట్టిన ఎద్దుకు వేసినట్టు మూతికి చిక్కం వేసి పంపుతుంది వదిన. అపచారమని ఎవరైనా అంటే, "అయితే ఒట్టి దండం పెట్టండి," అంటుంది.

అరుదైన పశువుకు ఆకలి కన్నా మురిపెం ప్రమాదమని నాకు ఆ పూట తెలిసింది. ఎవరైనా ఆవుకు దండం పెడుతుంటే, ఇప్పటికీ నా చూపు ముందు వాళ్ల చేతిలో ఏముందా అని పోతుంది.