స్టీరింగ్ పట్టేస్తోందని చెప్పిన మనిషి

నిన్న మేముండే మిల్టన్ ఊరి దగ్గరి సరస్సులో మా పాత మోటార్ బోటు స్టీరింగ్ మళ్లీ బిగుసుకుపోయింది.

"పట్టేస్తోందండీ, ఎడమకి తిరగట్లేదు," అంది నా భార్య సుధ.

"తిప్పడం రాక స్టీరింగ్ మీద పెడతావేం?" అన్నాను.

మూత తీసి చూస్తే పవర్ స్టీరింగ్ పంపు బెల్టు వదులైపోయి, తడిసినప్పుడల్లా జారుతోంది. ఆయిల్ కూడా అడుగంటింది.

"ఇప్పుడు చెప్పండి, ఎవరికి రాదో!" అంది.

ఆ ఆయిల్ వాసనకి నాన్న లాంచీ గుర్తొచ్చింది. గోదావరి లాంచీలెక్కిన మన వయసువాళ్లూ, గుర్తుందా? కాలిపోయే రేకు టాపు, డీజిలు పొగ, పైన సరంగు తాడు లాగితే కింద ఇంజను దగ్గర మోగే గంట. లాంచీ నడిపే ఆ సరంగు పక్కనే నేనెప్పుడూ నిలబడేవాణ్ణి. ఒకరోజు మలుపులో చక్రం పట్టేసి లాంచీ ఇసుకదిబ్బెక్కింది. నేనూ పట్టుకుని లాగాను, కదల్లేదు.

"చుక్కాని గొలుసు పట్టేస్తందని నెల్లాళ్ల నుంచీ చెబుతున్నానండీ," అన్నాడు సరంగు, రేవులో నాన్నతో.

"తాగి నడిపి గొలుసు మీద పెడతావా?" అని అరిచి, నాన్న నావైపు తిరిగారు. "నువ్వూ ఉన్నావుగా, చక్రం పట్టేసిందా?"

"నాకు తెలీదు," అన్నాను.

సరంగు పని పోయింది. వారంలో నాన్న కొత్త గొలుసు వేయించారు.

చిన్నపిల్లాడివి కదా అనకండి. పదేళ్లవాడికి నిజమేమిటో తెలుసు. యంత్రం చెడితే పనివాణ్ణి నిందించే యజమానులను ఏళ్ల తరబడి ఈ బ్లాగులో తిడుతున్నాను, వాళ్ల పక్కన నిలబడ్డవాణ్ణేనని ఒక్కసారీ రాయలేదు. సుధకు సారీ చెప్పాను. ఆయనకు చెబుదామంటే పేరు తెలియదు. మేమంతా సరంగు అనే పిలిచేవాళ్లం.