ఎట్లుందని అడగొద్దు

కరీంనగర్ డాక్టరమ్మ నా భార్యకు రాసిన మందులు తక్కువ, నాకు పెట్టిన పథ్యం ఎక్కువ. ఉప్పు మానెయ్యమంటే మానేసేవాణ్ణి. చాయ్ మానెయ్యమన్నా తిట్టుకుంటూ మానేసేవాణ్ణి. ఆమె నన్ను మానెయ్యమన్నది ఒక మాట. "నొప్పి ఎట్లుందని మీ ఆమెను మాటిమాటికి అడగకండి" అంది.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె గోడకున్న వెన్నెముక బొమ్మను చూస్తోంది. మేం ఆ గదిలోకి వచ్చి అర్ధగంట కూడా కాలేదు, అప్పటికే నేను ఆ మాట ఆమెను ఒకటికి రెండుసార్లు అడిగి ఉన్నాను. డాక్టరమ్మ అది గమనించే చెప్పిందేమో.

నాలుగేళ్ల కింద వానాకాలంలో మా బొగ్గుబాయి క్వార్టర్ వెనక మెట్ల మీద పాచికి కాలు జారి నా భార్య వెల్లకిలా పడింది. నడుము ఎముకకు చిన్న పగులు అన్నారు. పట్టీ వేసుకుని పడుకుంటే అతుక్కుంటుందన్నారు, అతుక్కుంది. నొప్పి మాత్రం పోలేదు. ఏరియా దవాఖానలో చూపించాం, హైదరాబాద్‌లో చూపించాం, మెషీన్లలో పెట్టి ఫోటోలు తీయించాం. ప్రతిచోటా ఒకటే మాట, ఏమీ లేదమ్మా, అంతా బాగుంది అని. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె ముఖం చిన్నబోయేది. ఏదో ఒక రోగం ఉందని చెప్తే బాగుండని మనిషి కోరుకునే రోజు కూడా వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ డాక్టరమ్మ మాత్రం ఏమీ లేదనలేదు. దెబ్బ మానింది కానీ నరాలు ఆ భయాన్ని వదల్లేదు అంది. "మీ బాయి మీద సైరన్ ఖరాబైందనుకోండి. షిఫ్టు లేకున్నా మోగుతనే ఉంటది. మోత నిజమే, చెవులు పగులుతయ్. కాని అక్కడ షిఫ్టు లేదు."

నా భార్య గోడ మీది బొమ్మ నుంచి చూపు తిప్పి, "అంటే నేను ఊకెనే నొస్తున్నదంటున్ననా?" అంది.

"కాదమ్మా. నీ నొప్పి నిజమే. నొస్తదేమోనని నువ్వు భయపడుడు కూడా నిజమే. ముందుగాల ఆ భయాన్ని తగ్గిద్దాం" అంది డాక్టరమ్మ. తర్వాత, నొప్పి తగ్గితే ఏం చేయాలని ఉందో చెప్పమంది.

నా భార్య ఆలోచించలేదు. "చర్చిల కింద జంపఖానా మీద కూసోని ఢోలక్ కొట్టాలె" అంది.

మా సంఘంలో ఆడవాళ్లు ఎడమ పక్కన కింద కూర్చుంటారు. ముందు వరసలో ఢోలక్ పట్టుకుని కూర్చునే చోటు, పెళ్లై వచ్చినప్పటి నుంచీ నా భార్యది. పడ్డ తర్వాత ఆమెను వెనక ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చారు. ఢోలక్ వేరే ఆమె కొడుతోంది. తప్పుగా కొడుతుందని నేనంటే, బాగనే కొడుతున్నది అని నా మీద కోప్పడేది.

డాక్టరమ్మ ఆమెకు ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్పింది. భయపడి మానేసిన పనుల్ని రోజూ ఇంతింత మొదలుపెట్టమంది. తన గొంతుతో కొన్ని మాటలు రికార్డు చేసి ఫోన్‌లో పంపింది. నాకు చెప్పినవి వేరు. ఆమె చేతిలో చీపురు లాక్కోవద్దు. వంగుతుంటే "మెల్లగ" అనొద్దు. ముఖం అదోలా పెట్టొద్దు. ఎట్లుందని అడగొద్దు.

నేను మైనింగ్ సర్దార్‌ని. బాయిలో మనుషులు పనిచేసే చోట పైకప్పును కర్రతో తట్టి, మోతను బట్టి అది గట్టిగా ఉందా, వదులైందా అని చెప్పడం నా డ్యూటీ. తట్టి చూడకుండా ఎవరినీ కిందికి పోనివ్వను. ఇన్నేళ్లు అదే చేసినవాణ్ణి ఇంట్లో మనిషిని తట్టి చూడకు అంటే ఎట్లా? ఆమె లేస్తే అడిగేవాణ్ణి, కూర్చుంటే అడిగేవాణ్ణి, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే అడిగేవాణ్ణి. నాకు తెలిసిన ప్రేమ అంతా ఆ ఒక్క మాటలో ఉండేది. తట్టినంత మాత్రాన కప్పు కూలదు కదా అని డాక్టరమ్మతో వాదం కూడా పెట్టుకున్నాను.

"కప్పుకు చెవులుండవు సార్, ఆమెకున్నయ్" అంది.

ఇంటికొచ్చాక మొదటి వారం నాకు నరకం. పొద్దున ఆమె మంచం దిగుతూ పళ్లు బిగబడితే నా నోట్లో ఆ మాట తిరిగేది. దాన్ని మింగి, "ఇయ్యాల కూరేంది?" అని అడిగేవాణ్ణి. సాయంత్రం మళ్లీ అదే. ఒకరోజు ఆమె గరిటె పట్టుకుని నా వైపు తిరిగి, "ఆ కూరను కూడా నా నడుమును అడిగినట్టే అడుగుతున్నవ్" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే నడుము పట్టుకుంది. నేను గోడ గడియారం వైపు చూశాను.

ఇంట్లో నేనొక్కణ్ణి నోరు కట్టుకుంటే ఏం లాభం? మా క్వార్టర్ల లైనులో పలకరింపంటేనే ఒంటి సంగతి. వదినె, నడుమెట్లున్నది? అక్కా, గోలీలు ఏస్కుంటున్నవా? ఫలానా ఊళ్లో పసరు పోస్తరట, పోయొద్దామా? రోజుకు ఎందరో వస్తారు, ఎందరో అడుగుతారు. డాక్టరమ్మ లెక్క ప్రకారం అందరూ కలిసి ఆ సైరన్ మోగిస్తున్నారు. దాంతో నేనే బయలుదేరాను. లైనంతా తిరిగి గడపగడపకూ చెప్పాను, మా ఇంటిదాన్ని నొప్పి గురించి అడగకండి, చెయ్యి పట్టుకోకండి, సాయానికి ఉరకకండి, అది వైద్యమట అని. పాస్టరు గారి దగ్గరికి పోయి ప్రార్థన విన్నపాల్లో ఆమె పేరు తీసెయ్యమన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నా వైపు తిరిగారు. "బ్రదర్, ప్రార్థన కూడా వద్దంటరా?"

"ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారు. పైకి చెప్పకుండ్రి."

ఆయన సరేనన్నారు. బాధపడ్డారని తెలుస్తూనే ఉంది.

నేను చేసిన పనికి ఫలితం తొందరగానే వచ్చింది. ముందు అడగడం మానేశారు. తర్వాత రావడం మానేశారు. వచ్చి ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు మరి. పక్క క్వార్టరామె ఒకసారి గిన్నెలో మామిడికాయ పచ్చడి తెచ్చి, గుమ్మంలోనే ఇచ్చి, ఎండ ఎక్కువుందని చెప్పి వెళ్లిపోయింది. నా భార్య ఆమె పోయిన వైపే చూస్తూ నిలబడింది. ఇంకో వారానికి బాయి దగ్గర క్యాంటీన్లో నాతో పనిచేసే అతను నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఏమనుకోకు. వదినెకు పెద్ద బీమారా? అందరు అనుకుంటున్నరు, అడగొద్దన్నవంటే అదేనేమో అని."

నాకు తల కొట్టుకోవాలనిపించింది. అదేం కాదు, అది నరాల భయం, దానికిదో పద్ధతి అని ఎంత చెప్పినా అతను జాలిగా తల ఊపుతూనే ఉన్నాడు.

ఇంత జరిగినా ఒక్కటి మాత్రం నాకు ధైర్యమిచ్చింది. ఆమె బాగవుతోంది. అంటే, బాగవుతున్నట్టు కనిపించింది. మూలగడం మానేసింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లకు గిన్నెలు గలగలమని ఊరుకున్నాక, ఫోన్ పక్కన పెట్టుకుని చాప మీద పడుకునేది. నీకే ఆపదా లేదు, నీ ఒళ్లు నీకు శత్రువు కాదు అని డాక్టరమ్మ గొంతు చెప్పేది. రాత్రి డ్యూటీలున్నప్పుడు నేను పగలు పక్క గదిలో పడుకుని ఆ గొంతు వినేవాణ్ణి. నిజం చెప్తున్నాను, ఆ ఫోన్ మీద నాకు కుళ్లు పుట్టింది. దానికి ఆమెతో మాట్లాడే అనుమతి ఉంది, నాకు లేదు. అయినా ఆమె ఇల్లు ఊడ్చుకుంటోంది, బజారుకు నడిచి వస్తోంది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి చాలా నయమైందని గర్వంగా చెప్పాను.

ఇట్లా మూడు నెలలయ్యాక ఒక ఆదివారం చర్చిలో ఆమె ప్లాస్టిక్ కుర్చీ వైపు పోలేదు. ఆడవాళ్ల మధ్య నుంచి నడిచి ముందు వరసకు వెళ్లింది. గోడ పట్టుకుని, మోకాళ్ల మీద వంగి, జంపఖానా మీద కూర్చుంది. ఢోలక్ పట్టుకున్నామె ఒక్క మాటా అనకుండా దాన్ని ఆమె ఒడిలోకి జరిపింది. మొదటి కీర్తనకు ఆ దెబ్బ పడగానే మగవాళ్ల వైపు కూర్చున్న నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నాలుగేళ్ల తర్వాత ఆ చేతులు అట్లా ఆడటం చూశాను. సగం పాటలో ఆమె నా వైపు చూసి నవ్వింది కూడా. ప్రసంగం ఏం చెప్పారో నాకు గుర్తు లేదు, పైనున్న దేవుడికి ఒకటే కృతజ్ఞతలు చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఆశీర్వాదం అయింది. అందరూ లేచారు. ఆమె లేవలేదు.

మొదట ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. తర్వాత చూస్తే ఢోలక్ పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి, లేవబోయి కూలబడుతోంది. చుట్టూ ఆడవాళ్లున్నారు. అందరికీ కనిపిస్తోంది. ఒకామె పైట సర్దుకుంది, ఒకామె బైబిలు సంచిలో పెట్టుకుంటూ తల దించుకుంది. పక్క క్వార్టరామె చెయ్యి ముందుకు చాపి, నా వైపు చూసి, వెనక్కి తీసుకుంది. వాళ్లది రాయి గుండె కాదు. ఇప్పుడు పట్నంలో ఉంటున్న మా పిల్లలు పుట్టినప్పుడు ఆమె పక్కన రాత్రంతా కూర్చున్న మనుషులు వాళ్లు. వాళ్లకు అట్లా చెయ్యమని గడపగడపకూ తిరిగి చెప్పింది నేను. ఒక్కొక్కరే బయటికి పోయి చెప్పులు వేసుకుంటున్నారు.

నేనైనా పోవాలి కదా? పోలేదు. తనంతట తను లేస్తేనే భయం పోతుంది, ఉరికితే ఇన్ని నెలల కష్టం గంగలో కలుస్తుంది అనుకుంటూ స్తంభం పక్కన నిలబడ్డాను. ఆమె మోకాళ్ల మీద పాకి గోడ దాకా పోయింది. గోడకు ఆనుకుని వెనక్కి తిరిగి, "ఒక్కలన్న చెయ్యియ్యుండ్రి" అంది.

ఆ గొంతు విన్నాక నేను ఎట్లా పరుగెత్తానో తెలియదు. చంకల కింద చేతులు వేసి ఆమెను లేపాను.

ఆటోలో ఇంటికొచ్చి ఆమె మంచం మీద వాలి గోడ వైపు తిరిగింది. నేను మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, "ఇంత బాగైనంక గిట్లెందుకైంది?" అన్నాను.

"ఎవలు చెప్పిన్రు బాగైందని?"

"మూలుగుతలేవు గద. ఏం అంటలేవు గద."

"నొప్పి కొంచెం తగ్గిందేమో, ఏమో" అంది ఆమె, ఇంకా గోడ వైపే చూస్తూ. "చెప్పుడే ఎక్కువ తగ్గింది. ఎవలకు చెప్పాలె? అందరు మొకం తిప్పుకుంటున్నరు. నువ్వు గడియారం చూస్తవ్."

ఇన్ని నెలలు ఆమె పక్కనే తిని, పక్కనే పడుకుని, ఆమె ఎట్లా ఉందో నాకు ఏమీ తెలియదన్నమాట. ఆమె గురించి మాట్లాడండి, నడుము గురించి కాదు అని డాక్టరమ్మ ఆ రోజే చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అందులో వెనక సగం పట్టుకుని ముందు సగం వదిలేశాను. అయినా ఆమె గురించి ఏం మాట్లాడాలి? నాలుగేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఆ నడుము తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు అడిగాను. "ఎట్లుందే?"

ఆమె చెప్పింది. ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో చెప్పింది. బజారు నుంచి వస్తూ ఎక్కడెక్కడ ఆగి, చెప్పు తెగినట్టు నటించేదో చెప్పింది. ఫోన్‌లో గొంతు వింటున్నంతసేపు నిజంగానే హాయిగా ఉంటుందని, అది ఆగిపోగానే ఇల్లు భయపెడుతుందని చెప్పింది. చెప్తూ ఏడ్చింది, ఏడుస్తూ చెప్పింది. పొద్దుగూకే దాకా విన్నాను. విన్నదాంట్లో ఒక్కదానికీ నేను చేయగలిగింది లేదు.

మర్నాడు పొద్దున ఆమె మంచం దిగలేకపోయింది. పక్కకు తిరగడానికే పెదవి కొరుక్కుంది. ఇంత ఘోరంగా ఏడాది నుంచి లేదు. డాక్టరమ్మ చెప్పింది నిజమే అయి ఉంటుంది. నిన్న సాయంత్రమంతా నేను అడిగి, ఆమెతో చెప్పించి, ఆ సైరన్‌ను నా చేతులతోనే మోగించి ఉంటాను. కాదు, కింద కూర్చున్నందుకే అయి ఉండొచ్చు. ఎవరిని అడిగితే తేలుతుంది? ఫస్టు షిఫ్టు బట్టలు వేసుకుని, ఆమె మంచం పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను.

"ఇగ నిన్ను ఏం అడగ" అన్నాను. "అడిగితె పెరుగుతున్నది."

"పెరుగుతది" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. "అయినా అడుగు."