ఆంటీ మాట వినని అంకుల్ ఫోన్ మాట విన్నారు

పొద్దున గిన్నె తిరిగి ఇచ్చేద్దామని పక్క ఫ్లాట్‌లో ఉండే సరోజ ఆంటీ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అంకుల్ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "కొత్త వాషింగ్ మెషిన్, కొత్త వాషింగ్ మెషిన్" అని గట్టిగా చెబుతున్నారు.

"ఏంటాంటీ ఇది?"

"యాప్‌లన్నీ మన మాటలు వింటాయంట కదా! మీ అంకుల్ నా మాట వినరు మరి. ఫోన్ చెప్తే వింటారు."

నవ్వు ఆపుకుని, మనం ఏం వెతికామో, ఏం చూశామో యాప్‌లు గుర్తుపెట్టుకుని దాన్నిబట్టే ప్రకటనలు చూపిస్తాయని వివరించాను. ఉదాహరణకు అంటూ అదే ఫోన్‌లో రెండు మూడు వాషింగ్ మెషిన్లు వెతికి చూపించాను కూడా. "అందుకే జాగ్రత్తగా ఉండాలి ఆంటీ" అని హెచ్చరించి, ఆఫీసుకు టైమవుతోందని ట్రైన్‌కి పరుగెత్తాను.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు. "చూడమ్మా, ఏ యాప్ తెరిచినా వాషింగ్ మెషినే! మాది పాతదైపోయిందని ఫోన్‌కే తెలిసిపోయింది. శనివారం కొనేస్తున్నాం" అన్నారు అంకుల్. ఆయన వెనక నిలబడ్డ ఆంటీ నాకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు.

డేటా భద్రత మీద పాఠం చెప్పబోయి మార్కెటింగ్ చేసొచ్చాను. ప్రస్తుతం మా ఆయన స్నానానికి వెళ్లారు, ఫోన్ సోఫా మీదే ఉంది. ఓవెన్ వెతకమంటారా, వద్దంటారా?