ఆల్టో గ్లెండా టెనరయిన వైనం

గ్లెండా ట్రాంటర్ ఇరవై తొమ్మిదేళ్లు బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకి వండి వడ్డించింది. ఆవిడ గొంతు వినబడితే చాలు, కస్టర్డు వద్దని మొరాయించే పిల్లాడు కూడా గిన్నె ముందుకు తోసేవాడు. ఉద్యోగం మానేశాక కూడా ఆ గొంతు తగ్గలేదు. తగ్గిందని ఎవరైనా అంటే వాళ్ల పని పట్టేది. అందుకే, అది నిజంగా తగ్గడం మొదలైనప్పుడు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

వెన్‌బ్రిడ్జ్‌లో గురువారం సాయంత్రం ఏడింటికి మెథడిస్టు గుడి వెనక గదిలో పదకొండు మంది చేరి పాడతారు. పియానో లేదు, పక్కవాద్యం లేదు. ఫిలిపా గార్నెట్ శ్రుతి ఫోర్కుని మోకాలికి టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది, తలా ఒక స్వరం అందిస్తుంది, అంతే. ఆ పైన ఎవరి గొంతుకి వాళ్లే దిక్కు. పైన సొప్రానోలు, వాళ్ల కింద ఆల్టోలు, ఆ కింద మగగొంతుల్లో పైదైన టెనర్, అట్టడుగున బాస్‌లు. నాలుగు వరసలూ నాలుగు దారుల్లో పోతాయి, మళ్లీ చివరికి ఒక్కచోటే కలుసుకుంటాయి. కలుసుకోని రోజున ఫిలిపా మొహం చూడాలి.

వాళ్లు పాడే పాటలన్నీ గదిలో ఒక బీరువాలో, పెట్టెకొక పాట చొప్పున, నలభై ఆరు అట్టపెట్టెల్లో ఉన్నాయి. తాళంచెవి గ్లెండాది. సగానికి పైగా నాలుగొందల ఏళ్ల నాటివి. గొర్రెలకాపరి ఒకమ్మాయిని ప్రేమిస్తాడు, ఆ పిల్ల పొమ్మంటుంది, వాడు చచ్చిపోతానంటాడు, ఆ వెంటనే అందరూ కలిసి ఫలలలా అని గెంతులేస్తారు. చచ్చేవాడి దగ్గర ఆ ఫలలలా ఏమిటో గ్లెండాకి ఇప్పటికీ అర్థం కాలేదు, కానీ పాడేటప్పుడు మాత్రం ఆవిడ మడమలు నేల మీద నిలిచేవి కావు. మిగతావి వాళ్ల ముత్తాతల కాలానివి: చెరువు మీద వెన్నెల, పడమటి గాలి, ఇంటికి తిరిగొచ్చే నావికుడు. నలభై ఆరో పెట్టెలో ఉన్నది ఆపిళ్లు కోసే పాట. నూట పదేళ్ల కిందట ఈ ఊరి గుళ్లో ఆర్గన్ వాయించిన పెద్దమనిషి కట్టాడు. అచ్చు పడలేదు. చేత్తో రాసిన పన్నెండు ప్రతులే ఈ లోకంలో ఉన్నవి, ఆ పన్నెండూ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

ఆల్టో వరసలో మధ్య కుర్చీలో గ్లెండా ముప్పై నాలుగేళ్లుగా కూచుంటోంది. ఎడమపక్క హిలరీ అన్యన్స్, కుడిపక్క బ్రిజెట్. హిలరీ పశువుల ఆసుపత్రిలో చీటీలు రాసే మనిషి, గ్లెండాకి పాతికేళ్ల స్నేహితురాలు. అంత స్నేహితురాలికీ గ్లెండా చెప్పని సంగతి ఒకటుంది. ఆల్టోకి పైన వచ్చే స్వరాలు ఆవిడకి అందడం మానేశాయి. మొదట డి అనే పై స్వరం పోయింది. జలుబు అనుకుంది. తరవాత దాని కిందిది, సి, పోయింది. అప్పటికి వేసవి, జలుబని సరిపెట్టుకోడానికి వీల్లేకపోయింది. ఆ స్వరాలు వచ్చినచోట నోరు తెరిచేది, తల పైకెత్తేది, శబ్దం మాత్రం వచ్చేది కాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనే ధైర్యం.

ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అంతకుముందు ఒక సొప్రానో గొంతు వణుకుతోందని ఫిలిపా ఎంతో మర్యాదగా, టీ పోసి మరీ, "ఇక మీరు హాయిగా కూచుని వినొచ్చు కదా" అంది. ఆ పెద్దావిడ హాయిగా విన్నది రెండు వారాలు. మూడో వారం నుంచి రావడం మానేసింది. గ్లెండాకి అరవై తొమ్మిది. తన టీ వంతు ఎప్పుడొస్తుందా అని ప్రతి గురువారం ఫిలిపా చేతిలో కప్పు వంకే చూసేది.

జనవరిలో డెస్మండ్ పగ్ వెళ్లిపోయాడు. బృందానికి ఉన్న ఒకే ఒక్క టెనర్ అతను. మోకాళ్లు రెండూ మొండికేస్తే సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి మకాం మార్చాడు. వెళ్లే రోజున కేకు కోస్తుంటే గ్లెండా ఊరుకోలేదు.

"నువ్వు పోతే మాకేం లోటు డెస్మండ్? ఇన్నేళ్లూ ఆలస్యంగా వచ్చావు, ఆలస్యంగా అందుకున్నావు, పైగా సంతలో బాతులా అరిచావు."

"బాతు పోయాక తెలుస్తుందే చెరువు ఎంత బోసిగా ఉంటుందో" అన్నాడు డెస్మండ్, కేకులో పెద్ద ముక్క తీసుకుంటూ.

తెలిసింది. ఒక నెల పాటు చర్చిల్లోనూ పబ్బుల్లోనూ కాగితాలు అంటించారు. టెనర్ దొరకడమంటే మాటలా? ఈ దేశంలో ఏ చిన్న బృందాన్ని కదిపినా సొప్రానోలు కోకొల్లలు, టెనర్ అంటే దేవుడు దిగిరావాలి. ఒక్కడూ రాలేదు. ఫిబ్రవరి ఆఖరి గురువారం ఫిలిపా లేచి నిలబడింది. యాభై రెండేళ్ల మనిషి, పెద్ద బడిలో సంగీతం చెప్పింది, మాట నెమ్మది, పట్టు ఉడుం పట్టు.

"మనం మూడు గొంతుల పాటలకి మారిపోదాం. బీరువాలో టెనర్ లేకుండా పాడగలిగేవి ఏడున్నాయి. మిగతా ముప్పై తొమ్మిదీ జిల్లా సంగీత గ్రంథాలయం వాళ్లు తీసుకుంటారు. జూన్ నెలాఖరుకి వ్యాను పంపుతామన్నారు."

"ఆపిళ్ల పాట కూడానా?" అంది హిలరీ.

"అక్కడ భద్రంగానే ఉంటుంది కదా."

"భద్రంగా ఉండటానికి అదేమన్నా శవమా?" అంది గ్లెండా.

అందరూ నేల చూపులు చూశారు. ఏడు పాటలతో బతకడమంటే రోజూ ఉడికించిన బంగాళాదుంపే తినమన్నట్టు. అది అందరికీ తెలుసు, కానీ మందు ఎవరి దగ్గరా లేదు. గ్లెండా ఒళ్లో ఉన్న తాళంచెవిని గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆవిడ బుర్రలో ఒక ఆలోచన మెరిసింది, సిగ్గుపడాల్సినంత చక్కటి ఆలోచన. టెనర్ స్వరాలు కిందుంటాయి. తనకి మిగిలినవీ కిందివే.

"టెనర్ నేను పాడతా" అంది.

బాస్‌ల వరసలో ఎవరో దగ్గారు. ఫిలిపా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "గ్లెండా, మీరు ఆల్టో. ముప్పై నాలుగేళ్ల నుంచి."

"ఇరవై తొమ్మిదేళ్లు వంట చేశాను, ఇప్పుడు చెయ్యడం లేదుగా? ఈ బృందం కోసం ఒక మెట్టు దిగితే నా కిరీటం ఏమీ రాలిపోదు."

బృందం కోసం. ఆ మాట అంటున్నప్పుడు నాలుక కొంచెం చేదుగా అనిపించింది. అయినా మింగేసింది.

సరే, జూన్ మొదటి శనివారం దాకా గడువు. ఏటా ఆ సాయంత్రం సంత మండపం కింద ఊరికి పాడతారు. ఈసారి ఆపిళ్ల పాట పాడాలి, టెనర్ వరసలో గ్లెండా ఒక్కతే. నిలబడితే బీరువా ఉంటుంది, లేకపోతే వ్యాను వస్తుంది. ఫిలిపా మాట ఇచ్చింది.

మరుసటి గురువారమే పరువు పోయింది. గ్లెండా డెస్మండ్ కుర్చీలో కూచుంది, గొప్పగా గొంతు సవరించుకుంది, మొదటి పేజీ చక్కగా పాడింది. రెండో పేజీ కూడా గడిచింది. మూడో పేజీ మధ్యలో ఫిలిపా చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏదో బోలుగా ఉంది. టెనర్ ఏమైంది?"

"నేను పాడుతూనే ఉన్నానుగా" అంది గ్లెండా.

"పాడుతున్నావు తల్లీ, మా పాట పాడుతున్నావు" అంది హిలరీ. "రెండో పేజీ తిప్పినప్పటి నుంచీ."

గది గదంతా నవ్వింది. కాగితం మీద టెనర్ వరస చూస్తూనే, నోరు ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ పాత దారి పట్టింది. ఆవు ఎటు తోలినా సాయంత్రానికి తన కొట్టానికే చేరినట్టు. ఆ రోజు మూడుసార్లు మొదలెట్టారు, మూడుసార్లూ ఆల్టోలోకి జారిపోయింది. "మనకి ఇప్పుడు ఆల్టోలు ముగ్గురు, టెనర్లు సున్నా" అని ఒక బాస్ లెక్క చెప్పాడు. వాడికి టీలో పంచదార వెయ్యలేదు గ్లెండా.

ఇంటికెళ్లి తలుపేసుకుని సాధన చేసింది. ఒక్కతే పాడితే టెనర్ మంచినీళ్లలా వచ్చేది. గురువారం ఆల్టోలు పక్కన గొంతెత్తగానే మళ్లీ అదే గొయ్యి. చెవుల్లో దూది పెట్టుకుని చూసింది. అప్పుడు శ్రుతే పోయింది. ఏప్రిల్ వచ్చేసరికి ఇది తన వల్ల అవుతుందా అని ఆవిడకే అనుమానం తగులుకుంది. ఆడలేక మద్దెల ఓడంటారని, వంక ఒక్కటీ బయటికి చెప్పలేదు.

ఒక మంగళవారం పొద్దున్న హిలరీ పిలవకుండానే వంటింట్లోకి వచ్చి కూచుంది. గ్లెండా రూబార్బ్ కాడలు తరుగుతోంది.

"పాడు. నేను నీ చెవిలో ఆల్టో పాడతాను."

"నన్ను చంపడానికొచ్చావా?"

"నువ్వు మమ్మల్ని వినకుండా ఉండాలని చూస్తున్నావు. అదే నీ జబ్బు. విను. ఎదుటివాళ్లది ఏదో బాగా తెలిస్తేనే కదా మనది కానిదేదో తెలిసేది."

మొదటి రెండుసార్లు గ్లెండా తడబడింది. మూడోసారి కత్తి కింద పెట్టి, తను పాడటం ఆపేసి, ఊరికే విన్నది. హిలరీ ఆల్టో మొత్తం ఒక్కతే పాడింది, మొదటి నుంచి చివరి దాకా, పెద్ద గొంతేమీ కాదు, కిటికీలోంచి వెళ్లి పోస్టు వాడికి వినబడేటంత. గ్లెండా ఆ పాట వందసార్లు పాడింది. ఒక్కసారీ వినలేదు. లోపల నిలబడి పాడేవాళ్లకి అది మూడు స్వరాల చుట్టూ తిరిగే చప్పటి వరస. బయటి నుంచి వింటే ఇంటికి వేసిన నడిదూలం. సొప్రానోలు కొమ్మల మీద ఊగుతుంటే కింద నిచ్చెన పట్టుకున్నది అదే.

"ఇంత బాగుంటుందా మన పాట?" అంది. "ముప్పై నాలుగేళ్లు దీన్ని తిట్టుకున్నాను."

"మనది కాదు, నాది. నువ్వు టెనర్‌వి" అంది హిలరీ. "ఇంకోసారి."

ఆ పూట నుంచి మంగళవారాలు ఖాయమయ్యాయి. ఆల్టోని ఇంకొకరి సొత్తుగా వినడం అలవాటయ్యాక అది ఆవిడని లాగడం మానేసింది. మే నెలాఖరుకి గ్లెండా టెనర్ వరసలో కాలు మీద కాలేసుకుని కూచునేది. అట్టడుగున రెండు స్వరాలు అందేవి కావు, వాటిని బాస్‌లకి వదిలేసింది. మిగతావన్నీ నిండుగా, గట్టిగా, ఒక్కచోట కూడా నోరు ఊరికే తెరవాల్సిన అవసరం లేకుండా పాడింది. అలా పాడి ఎన్నాళ్లయిందో ఆవిడకి మాత్రమే తెలుసు.

జూన్ మొదటి శనివారం సంత మండపం స్తంభాల చుట్టూ నూట యాభై మంది దాకా చేరారు. ఎండ ఇంకా ఉంది. గొర్రెలకాపరి చచ్చాడు, ఫలలలా అయింది. ఆపిళ్ల పాట వచ్చింది. రెండో పేజీ తిప్పినప్పుడు హిలరీ ఇటు చూసింది. గ్లెండా అటు చూడలేదు, విన్నది. ఆల్టో పైన సాగిపోతోంది, తను దాని కింద తన దారిన తను నడుస్తోంది. చివరి పల్లవికి నాలుగు గొంతులూ ఒక్కచోట కలిశాయి. పాట అయ్యాక జనం ఒక్క క్షణం చప్పట్లు మరిచిపోయారు, తరవాత ఆపడం మరిచిపోయారు. ఫిలిపా గ్లెండా దగ్గరికి వచ్చి "వ్యాను రాదు" అంది.

టీ బల్ల దగ్గర పొడుగాటి కుర్రాడు ఒకతను నిలబడి ఉన్నాడు. ఈ ఊరి బడికి కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు, పేరు ఇవాన్. "కాలేజీలో టెనర్ పాడేవాణ్ని. మీ దగ్గర చోటుంటుందా?" అన్నాడు.

అందరూ అతని చుట్టూ మూగారు. ఫిలిపా మొహం వెలిగిపోతుండగా గ్లెండా భుజం మీద చెయ్యి వేసింది. "మా కోసం ఎంత కష్టపడ్డారో. ఇక మీరు హాయిగా మీ కుర్చీకి వెళ్లిపోవచ్చు. ఆల్టోకి మీరు కావాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. తల ఊపితే చాలు, రాణిలా వెనక్కి వెళ్లొచ్చు, మళ్లీ నోరు తెరుచుకుని కూచోవచ్చు. గ్లెండా కప్పు బల్ల మీద పెట్టింది.

"నేను వెళ్లను. వెళ్లలేను. పైన సి, డి పోయి రెండేళ్లయింది. అవి వచ్చినచోటల్లా నోరు ఊరికే ఆడించాను. మీ కోసం దిగానన్నది అబద్ధం. నన్ను పొమ్మంటారని భయపడి దిగాను. ఈ మూడు నెలలే నేను నిజంగా పాడింది."

హిలరీ అల్లం బిస్కెట్టు టీలో ముంచి తీసి, పడిపోకుండా నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలింది.

"రెండేళ్లు కాదు, మూడు" అంది. "ఆ స్వరం వచ్చినప్పుడల్లా నీ వాటా నేనూ బ్రిజెట్టూ చెరి సగం పాడాం. లేకపోతే ఆ లోటు ఫిలిపాకి వినబడదూ?"

గ్లెండా బ్రిజెట్ వంక చూసింది. బ్రిజెట్ ఔనన్నట్టు తల ఊపింది.

"మూడేళ్లు... నాతో ఒక్క మాట అనలేదేమే?"

"నువ్వు అననిచ్చే మనిషివా? పైగా నువ్వు లేని వరసలో మేమెందుకు కూచుంటాం?"

గ్లెండాకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని అనిపించలేదు. సంత మధ్యలో, ఊరంతా చూస్తుండగా, హిలరీ కోటు భుజం తడిసేదాకా ఏడ్చింది. ఫిలిపా కొత్త టీ పోసి తెచ్చి చేతికిచ్చింది. దాన్ని చూసి గ్లెండా ముందు ఉలిక్కిపడింది, తరవాత ఫిలిపా కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయని చూసి తీసుకుంది.

"టెనర్లు ఇద్దరు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు" అంది ఫిలిపా.

గ్లెండా ముక్కు తుడుచుకుని లెక్కల మాస్టారి వైపు తిరిగింది. వడ్డన బల్ల వెనక నుంచి వినిపించే ఆ పాత గొంతుతోనే అంది, "గురువారం ఏడింటికి రా నాయనా, ఏడూ అయిదుకి కాదు. నా ఎడమపక్క కూచో. నాకు అందని స్వరాలు రెండున్నాయి కింద. అవి నువ్వు చూసుకోవాలి."