జబ్బుకు పేరు పెట్టి చెప్పిన డాక్టరమ్మ

మెట్‌పల్లి దవాఖానా డాక్టరమ్మ పోయిన వారం కన్నుమూశారు. ఆ మాట చెప్పడానికే మా బాపు బస్సెక్కి, నేను పాఠాలు చెప్పే చొప్పదండి బడికి వచ్చాడు.

నా పదిహేనో ఏట ఒంట్లో బాగుండేది కాదు. దగ్గు పెద్దగా లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లవారితే రవిక చెమటకు తడిసి ఉండేది. లంగా నాడా ఎంత బిగించినా వదులయ్యేది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి పక్క పోటు. ఎదిగే వయసులో ఇవన్నీ మామూలేనన్నారు చుట్టాలు. నాకు నెలసరి ఆగిపోయిందని నన్ను కన్న అవ్వకొక్కదానికే తెలుసు. అప్పటికే సంబంధం ఖాయమైంది. అవ్వ నన్నేమీ అడగలేదు కానీ, నా ముఖం చూడడం మానేసింది.

దవాఖానాలో డాక్టరమ్మ బాపును వరండాలో కూర్చోమన్నారు. నా బదులు అవ్వ చెప్పబోతే ఆపి, నన్నే చెప్పమన్నారు. చల్లగా తగలకుండా స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది వీపు మీద పెట్టారు. తర్వాత వేళ్లతో తట్టారు. ఎడమ పక్క బోలుగా మోగింది. కుడి పక్క కిందిభాగం నిండు కుండను తట్టినట్టు మందంగా పలికింది. కడుపు కూడా నొక్కి చూశాక అవ్వ వైపు తిరిగారు.

"నువ్వు భయపడ్డది కాదమ్మా. ఒంట్ల సత్తువ లేక ఆగింది. పిల్ల తప్పేం లేదు."

అవ్వ నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చింది.

కరీంనగర్‌లో తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడింది. వీపులో సూది గుచ్చి తీస్తే లేత పసుపు రంగులో వచ్చింది. తెమడ పరీక్షకు నేను మొదట ఉత్త ఉమ్మి ఇచ్చాను. పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీయడం డాక్టరమ్మే నేర్పారు. అయినా క్రిములు దొరకలేదు. ఈ వయసు పిల్లల్లో తరచూ ఇంతేనని, దొరకనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని, ఇది క్షయేనని బాపుకు చెప్పారు. ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా అని అడిగారు. ఎప్పుడూ దగ్గుతూ ఉండే మా తాత సంగతి బాపు చెప్పాడు. తాత తెమడలో క్రిములు మొదటిసారే కనబడ్డాయి.

"గీ మాట బయటపడితే దీన్నెవరు చేసుకుంటరు డాక్టరమ్మా?" అన్నాడు బాపు.

"ఇప్పుడు పెండ్లి చేస్తే కాన్పుకు తట్టుకోదు. జబ్బున్నదని చెప్పు. నయమైతదని గూడ చెప్పు. రెండూ నిజమే."

బాపు మగపెళ్లివారి దగ్గరికి వెళ్లి రెండూ చెప్పాడు. వాళ్లు మొదటిదే విన్నారు. సంబంధం తప్పిపోయింది.

ఏడాదికి పైగా మందులు వాడాను. సూది వేసినప్పుడల్లా చెవుల్లో గుయ్యిమంటుందా అని డాక్టరమ్మ అడిగేవారు. ఆ మందు వినికిడిని పోగొట్టగలదని నాకు తర్వాత తెలిసింది. మనవరాలికి తనే అంటించానని తాత కుమిలిపోతుంటే, "నువ్వు ఇయ్యలే తాతా, నీకు తెల్వకుండ పోయింది" అని పక్కన కూర్చున్నారు. తాత ఆ ఎండాకాలం దాటలేదు. నాకు నెలసరి తిరిగి వచ్చిన రోజు అవ్వ నువ్వుల ముద్దలు చేసి దవాఖానాకు పట్టుకుపోయింది. ఆ తర్వాత నేను మళ్లీ బడికి పోయాను. పెండ్లి ఆలస్యమైనా, సంగతంతా తెలిసినవాడితోనే అయింది.

నిరుడు మా తరగతిలో ఒక పిల్ల చిక్కిపోతుంటే ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాను. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. ఎక్స్‌రే పటాన్ని కిటికీలో ఎండకు ఎత్తిపట్టి, ముఖాన్ని దాదాపు ఆనించి చూస్తున్నారు. ఆ పిల్ల పక్కటెముకల నీడ ఆమె చెంప మీద గీతలు గీతలుగా పడింది.